ఫ్లోరెన్స్‌లో మూడు రాత్రులు: గుమ్మటం టికెట్, అమ్మ మోకాళ్ళు, శాకాహారం

కోటవీధి (విజయనగరం) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. సిరిమానోత్సవం అయిపోయాక, అక్టోబరు చివర్లో అమ్మానాన్నల్ని ఇటలీ తీసుకెళ్దామనుకుంటున్నాం. రోమ్‌లో దిగి నాలుగు రాత్రులు, ఫ్లోరెన్స్‌లో మూడు, వెనిస్‌లో రెండు, అక్కణ్ణుంచే తిరుగు విమానం. రోమ్, వెనిస్ గురించి కావలసినంత సమాచారం దొరికింది. ఫ్లోరెన్స్ దగ్గరే తికమకగా ఉంది.

నాన్నగారు ఆర్ అండ్ బిలో చేసి రిటైరయ్యారు, 66 ఏళ్ళు. అక్కడి పెద్ద చర్చి మీద గుమ్మటం సెంట్రింగ్ లేకుండా కట్టారని చదివారు. దాన్ని ఎక్కి చూడాలని ఆయన పట్టుదల. బీపీకి మాత్ర వేసుకుంటారు, మిగతా ఆరోగ్యం బాగానే ఉంది. అమ్మకి 61, రెండు మోకాళ్ళూ అరిగాయి. చదును నేల మీద నిదానంగా గంటసేపు నడుస్తుంది గానీ ముప్పై నలభై మెట్లు దాటితే కష్టం. పూర్తి శాకాహారి, గుడ్డు కూడా తినదు.

ఇప్పటికి వేసుకున్న లెక్క: శనివారం మధ్యాహ్నం ఫ్లోరెన్స్ చేరి, మంగళవారం పొద్దున్న వెనిస్ రైలెక్కడం. రైళ్ళు, హోటళ్ళు ఇంకా కొనలేదు. ఏది ముందు బుక్ చెయ్యాలి, ఏ వరసలో చూడాలి, ఎక్కడ దెబ్బతింటాం? కుదిరితే పీసా కూడా చూపించాలని ఉంది. తెలిసినవాళ్ళు చెప్పగలరు.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

కోటవీధి గారూ, ముందు ఆ శనివారం లెక్క మార్చండి. ఇంకేమీ కొనలేదన్నారు, అదృష్టం. ఆదివారం పెద్ద చర్చిలోకి సందర్శకుల్ని రానివ్వరు, ప్రార్థనలకే. గుమ్మటం ఆదివారం మధ్యాహ్నం తర్వాత కొద్ది గంటలే తెరుస్తారు. సోమవారం ఉఫీజీ చిత్రశాల, మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం ఉన్న అకాడెమియా రెండూ సెలవు. అంటే మీకున్న రెండు పూర్తి రోజుల్లో మొదటిరోజు చర్చి మూత, రెండోరోజు మ్యూజియాలు మూత. చాలా ప్యాకేజీలు ఇలాగే వేసి, చివరికి డేవిడ్ విగ్రహానికి నకలు చూపించి తీసుకొచ్చేస్తాయి.

మంగళవారం మధ్యాహ్నం చేరి శుక్రవారం పొద్దున్న బయల్దేరేలా జరపండి. అప్పుడు రోమ్‌లో శుక్రవారం నుంచి మంగళవారం వరకు ఉంటారు. వాటికన్ మ్యూజియం మామూలుగా ఆదివారం ఉండదు కాబట్టి దాన్ని శనివారమో సోమవారమో పెట్టుకోండి. ఇంకొక మెలిక: ఫ్లోరెన్స్‌లో చర్చి వెనకున్న మ్యూజియం, ఒపేరా దెల్ దువోమో అంటారు, ప్రతి నెలా మొదటి మంగళవారం మూసేస్తారు. మీది నెలాఖరు కాబట్టి ఇబ్బంది లేదు. అయితే అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుపుతారు. ఆ తర్వాత సాయంత్రం ఐదుంబావుకే చీకటి పడుతుంది. ఎత్తు మీంచి ఊరు చూడాలంటే ఆ ఆదివారానికి ముందు వారమే మేలు. నవంబరు 1 వాళ్ళకి పెద్ద పండగ, ఆ దరిదాపుల్లో రద్దీ, హోటల్ ధరలు రెండూ పెరుగుతాయి.

బుకింగ్ వరస ఇలా ఉండాలి. మొట్టమొదట గుమ్మటం స్లాట్. అది దొరికిన రోజును బట్టి ఉఫీజీ, ఆ తర్వాత అకాడెమియా, వీటన్నిటి తర్వాతే రైలు, హోటల్. మామూలుగా మనం తిరగేసి చేస్తాం, అక్కడే దెబ్బతింటాం. రైళ్ళు రోజుకి డజన్ల కొద్దీ ఉన్నాయి. గుమ్మటం మీదకి మాత్రం గంటకి ఇంతమందే అని లెక్క.

చర్చి ఆవరణలోని కట్టడాలకి మూడు రకాల పాస్‌లున్నాయి. గిబెర్తి పాస్‌లో మ్యూజియం, బాప్టిస్టరీ (జ్ఞానస్నానాలకి కట్టిన మందిరం) వస్తాయి. జొత్తో పాస్‌లో వాటితోపాటు గంటల గోపురం. బ్రునెల్లెస్కి పాస్‌లో ఇవన్నీ, పైగా గుమ్మటం. ధరలు వరసగా 15, 20, 30 యూరోల దరిదాపు. కొనేముందు చర్చి వాళ్ళ సొంత వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. బయటి సైట్లు ఇదే పాస్‌కి గైడు పేరు తగిలించి రెట్టింపు తీసుకుంటాయి. మీకూ నాన్నగారికీ బ్రునెల్లెస్కి, అమ్మగారికి గిబెర్తి తీసుకుంటే చాలు. పాస్ మూడు రోజులు చెల్లుతుంది గానీ గుమ్మటం ఎక్కే తేదీ, సమయం కొన్నప్పుడే ఖాయమైపోతాయి. తర్వాత మార్చరు, ఆలస్యమైతే డబ్బు తిరిగి రాదు. అందుకని దిగినరోజుకి స్లాట్ పెట్టొద్దు, రైలు గంట లేటైతే మొత్తం పోతుంది. బుధవారం ఉదయం 10.30 ప్రాంతానికి పెట్టండి.

అక్కడ క్యూలు మూడు. చర్చి లోపలికి ఉచితం, ముందు వైపు గుమ్మం దగ్గర పొడవాటి వరస. గుమ్మటానికి ఉత్తరం వైపు పక్క తలుపు, పోర్తా దెల్లా మాందోర్లా అంటారు. గంటల గోపురానికి విడి దారి. టికెట్ చేతిలో పట్టుకుని ఉచితం క్యూలో ముప్పావుగంట నిలబడి స్లాట్ పోగొట్టుకునేవాళ్ళు ఎందరో.

పెద్ద బ్యాగులు రానివ్వరు, మ్యూజియం పక్కన సామాను గది ఉంది. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు ఉండాలి. చీరకీ ప్యాంటుకీ ఇబ్బందే లేదు.

పీసా వదిలేయండి. రైలు గంటే గానీ స్టేషన్ నుంచి గోపురం దాకా రానూ పోనూ కలిపితే అమ్మగారికి ఒక పూట, మోకాళ్ళకి ఒకరోజు పోతుంది. ఫ్లోరెన్స్‌కే రెండు రోజులు చాలవు.

గంటస్తంభం (విజయనగరం)

టికెట్ల సంగతి నాగావళి గారు చెప్పేశారు. గుమ్మటం గురించి నేను రాస్తాను. నాన్నగారికి ఇది చదివి వినిపించండి, తెలిసి ఎక్కితే ఆ 463 మెట్లకీ విలువ ఉంటుంది.

చర్చి పని 1296లో ఆర్నోల్ఫో ది కాంబియో మొదలుపెట్టాడు. తర్వాత వచ్చినవాళ్ళు ప్లాన్‌ని పెంచుకుంటూ పోయారు. చివరికి నడిమధ్యన సుమారు 45 మీటర్ల అడ్డకొలతతో ఎనిమిది మూలల ఖాళీ మిగిలింది. దాని చుట్టూ గోడలు నేల నుంచి 50 మీటర్ల పైకి లేచి ఆగాయి. కమాను కట్టాలంటే కింద చెక్క సెంట్రింగ్ కావాలి కదా. అంత ఎత్తులో, అంత వెడల్పుకి సరిపడే కలప దొరకడం ఒక సమస్య. దొరికి నిలబెట్టినా, సున్నం గట్టిపడే లోపల ఆ చెక్క తన బరువుకి తానే వంగడం ఇంకో సమస్య. 1418లో పోటీ పెట్టారు. ఈ గుమ్మటం కట్టిన బ్రునెల్లెస్కి చదువుకున్న విద్య స్వర్ణకార వృత్తి. కింద నుంచి సెంట్రింగ్ అక్కర్లేదన్నది ఆయనే. 1420 ఆగస్టు 7న పని మొదలై 1436కి గుమ్మటం మూసుకుంది.

ఎలా నిలిచిందంటే, నాలుగు విషయాలు కలిసి పనిచేశాయి.

మొదటిది ఆకారం. అర్ధగోళం కాదు, మొన తేలిన కమాను. లోపలి అడ్డకొలతని ఐదు భాగాలు చేసి, అందులో నాలుగు భాగాలు వ్యాసార్ధంగా గీసిన వంపు. నిటారుగా లేచే వంపు కాబట్టి కింది గోడల్ని బయటకి నెట్టే బలం తగ్గుతుంది. బయట ఆనుడు గోడలు ఎక్కడా కనబడవు, చూడండి.

రెండోది రెండు పొరలు. లోపలి పొర కింద రెండు మీటర్ల పైన మందం, అసలు బరువు మోసేది అదే. బయటి పొర పల్చన, వానకీ అందానికీ. రెంటినీ కలుపుతూ మూలల్లో 8, మధ్యలో 16, మొత్తం 24 నిలువు పక్కటెముకలు. మీరు ఎక్కే మెట్లు ఈ రెండు పొరల నడుమ సందులోంచే పోతాయి.

మూడోది గొలుసులు. ఇసుకరాతి దూలాల్ని ఇనుప కట్లతో బిగించి గుమ్మటం చుట్టూ వేర్వేరు ఎత్తుల్లో పట్టీల్లా తిప్పారు. కలపతో చేసిన గొలుసు కూడా ఒకటి ఉంది. పీపాకి ఇనుప పట్టీ ఏం చేస్తుందో ఇక్కడ ఇవి అదే చేస్తాయి. ఇవాళైతే రింగ్ బీమ్ అంటాం.

నాలుగోది, నాన్నగారు కళ్ళారా చూడవలసింది, ఇటుక వరస. పైకి పోయేకొద్దీ వరసలు లోపలికి వాలతాయి. ఒక దశ దాటాక తడి సున్నం మీద పెట్టిన ఇటుక జారిపోవాలి. అక్కడ ఆయన చేసిందేమిటంటే, పడుకోబెట్టిన ఇటుకల వరసలో కొద్ది దూరానికొకటి చొప్పున ఇటుకని నిలబెట్టి కట్టించాడు. నిలువు ఇటుక కింది వరసలోకి దిగి పట్టుకుంటుంది, రెండు నిలువు ఇటుకల మధ్య పడుకున్నవి ఇరుక్కుని జారవు. పై వరసలో నిలువు ఇటుకని ఒక స్థానం పక్కకి జరుపుతారు. అలా జరుగుతూ పోతే గోడ మీద చేప ముల్లులాంటి ఏటవాలు గీత తేలుతుంది, వాళ్ళు దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. ఒక వరస చుట్టూ తిరిగి మూసుకుందంటే అది ఉంగరమైపోయినట్టే. ఉంగరం తనని తాను పట్టుకుంటుంది, పైవరస వేసుకోవచ్చు. అందుకే ఎనిమిది ముఖాలూ సమంగా లేవాలి. ఒక వైపు ముందు, ఒక వైపు వెనక కట్టడానికి వీల్లేదు. గుమ్మటం మొత్తానికి 40 లక్షలకు పైగా ఇటుకలు పట్టాయని లెక్కగట్టారు.

ఎక్కేటప్పుడు రెండు చోట్ల ఆగి చూడమనండి. మొదట కొన్ని మలుపులు తిరిగాక లోపలి నడవాలోకి వస్తారు, తల మీద వజారి, జుక్కారి 1572-79 మధ్య వేసిన అంతిమతీర్పు చిత్రాలు. అందరూ అక్కడే ఫోన్లు తీస్తారు. అది దాటి పొరల మధ్యకి వెళ్ళాక, పక్కగోడ మీద గార లేని చోట చేతికందే ఎత్తులో ఆ నిలువు ఇటుకలు కనబడతాయి. ఇంకో సంగతి, వరసలు మట్టంగా ఉండవు. ప్రతి ముఖంలోనూ మధ్యలో కొద్దిగా కిందికి కుంగి, మూలల్లో పైకి లేస్తాయి, వదులుగా కట్టిన తాడులాగ. నాసిరకం పని అనుకోవద్దు. ఎనిమిది పలకల గుమ్మటంలో వరసలు మూల దగ్గర తెగిపోకుండా ఒకదాన్నొకటి కలుపుకుంటూ పోవాలంటే అలాగే వేయాలి. ఆఖరి మెట్లు లోపలి గుమ్మటం వీపు మీదే నిటారుగా వేశారు, అక్కడ కమ్మీ పట్టుకోవాలి.

ఎక్కేముందు మ్యూజియం చూడాలి, తర్వాత కాదు. ఆ మ్యూజియంలో గుమ్మటానికి సంబంధించిన చెక్క నమూనాలు, కట్టడంలో వాడిన కప్పీలు, పనిముట్లు ఉన్నాయి. బరువులెత్తడానికి ఎద్దులతో తిప్పే యంత్రం బ్రునెల్లెస్కి సొంతంగా చేయించాడు. బరువు పైకి వెళ్ళాక దించాలంటే ఎద్దుల్ని విప్పి వెనక్కి తిప్పి కట్టక్కర్లేదు, ఒక మర జరిపి పళ్ళచక్రం మార్చితే చాలు. ఎద్దులు అదే దిక్కున తిరుగుతాయి, తాడు కిందికి వస్తుంది. రోజుకి ఎన్నిసార్లో ఎక్కించి దించే చోట ఈ ఒక్క ఏర్పాటు ఎంత పని కలిసొచ్చేలా చేసిందో ఇంజినీరింగ్ చేసినాయనకి వేరే చెప్పక్కర్లేదు.

కింద నుంచి కూడా ఒకటి చూడాలి. గుమ్మటం మొదలయ్యే చోట, ఎనిమిది ముఖాల్లో ఒక్కదానికే చలువరాతి వరండా ఉంది, ఆగ్నేయం వైపు. వియా దెల్ ప్రొకొన్సొలో వీధి మొగలో నిలబడితే బాగా కనబడుతుంది. దాన్ని చూసి మైకెలాంజెలో కీచురాళ్ళ పంజరంలా ఉందన్నాడని, దాంతో పని ఆగిపోయిందని చెప్పుకుంటారు. మిగిలిన ఏడు వైపులా మొరటు రాతికట్టు అలాగే ఉండిపోయింది. పాలరాయి తొడుగు లేని అసలు గోడ చూడాలంటే అదే చోటు. చర్చి ముందు వైపు తెలుపు, ఆకుపచ్చ, గులాబీ రంగుల రాతి ముఖం మాత్రం 1876-87 మధ్య పెట్టింది, గుమ్మటానికి నాలుగొందల ఏళ్ళ తర్వాతది.

శ్రీకాకుళం వాళ్ళకి ఆసక్తి కలిగించే సంగతి. అరసవల్లిలో ఏడాదిలో కొన్ని రోజులు సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయి కదా. ఇక్కడ 1475లో తొస్కనెల్లి అనే గణితజ్ఞుడు గుమ్మటం పైన, సుమారు 90 మీటర్ల ఎత్తున, చిల్లు ఉన్న కంచు పలక బిగించాడు. జూన్ 21 ముందూ వెనకా మధ్యాహ్నం పూట ఆ చిల్లులోంచి వచ్చిన ఎండబిళ్ళ నేల మీద వేసిన గుర్తు మీద కూర్చుంటుంది. సూర్యుడి గమనాన్ని కొలవడానికి చేశారు. అక్టోబరులో ఎండబిళ్ళ రాదు, నేల మీది గుర్తు ఎడమ వైపు పూజాస్థలంలో ఉంటుంది.

గుమ్మటానికి పగుళ్ళున్నాయి, పైనుంచి కిందికి నిలువుగా. భయపడాల్సిందేమీ లేదు, దశాబ్దాలుగా పరికరాలు అమర్చి కొలుస్తున్నారు. చలికాలం, ఎండాకాలం ఆ పగుళ్ళు కొద్దిగా తెరుచుకుని మూసుకుంటాయి.

కోటవీధి

గంటస్తంభం గారూ, నాన్నగారు మీ పోస్టు రెండుసార్లు చదివించుకున్నారు. చాలా థాంక్సండీ. రెండు సందేహాలు. ఎక్కలేకపోతే మధ్యలోంచి దిగిపోవచ్చా? ఆ గంటన్నరా అమ్మ ఎక్కడ కూర్చోవాలి?

గంటస్తంభం (విజయనగరం)

లిఫ్ట్ లేదు. దారి ఒకరి వెనక ఒకరు నడిచేంత ఇరుకు, వెనక జనం వస్తూనే ఉంటారు కాబట్టి మధ్యలో తిరగడం తేలిక కాదు. గుండెజబ్బు, కళ్ళు తిరగడం, ఇరుకు చోట ఊపిరాడనట్టు ఉండటం, వీటిలో ఏది ఉన్నా ఎక్కొద్దని నిర్వాహకులే రాసిపెట్టారు. బీపీ అదుపులో ఉందో లేదో డాక్టర్‌ని అడిగి నిర్ణయించుకోండి.

463 మెట్లంటే మన అపార్ట్‌మెంట్ లెక్కలో పాతిక అంతస్తులు. ఇప్పట్నుంచీ వారానికి రెండుసార్లు రామతీర్థం కొండ మెట్లు ఎక్కి దిగమనండి. దిగడం కూడా ముఖ్యం, రెండో రోజు పిక్కలు పట్టేసేది దిగుడుకే. మొదటి నడవాలో ఒక్క నిమిషం ఊపిరి తీసుకుని, అక్కడ ఆయాసం తగ్గితేనే ముందుకు వెళ్ళాలి. ఇబ్బందనిపిస్తే ఆ నడవాలోని సిబ్బందికి చెప్పాలి, పైకి పోయాక కాదు.

మరీ అనుమానంగా ఉంటే గంటల గోపురం ఉంది. 414 మెట్లే గానీ మధ్యమధ్య అంతస్తుల్లో ఆగి కూర్చోవచ్చు, గాలి వెలుతురు బాగా ఉంటాయి. 1334లో జొత్తో మొదలుపెట్టాడు, 1359కి పూర్తయింది, ఎత్తు 84.7 మీటర్లు. దాని పైనుంచి గుమ్మటం మొత్తం ఎదురుగా కనబడుతుంది. గుమ్మటం మీద నిలబడినవాళ్ళకి గుమ్మటం కనబడదు కదా. ఫొటోకి ఇదే మంచిది.

వంశధార (శ్రీకాకుళం)

అమ్మగారి సంగతి నేను చెబుతాను.

9 గంటలకల్లా ముగ్గురూ కలిసి మ్యూజియంలోకి వెళ్ళండి. లోపల లిఫ్టులు, బెంచీలు, టాయిలెట్లు ఉన్నాయి. పదింబావుకి మీరూ నాన్నగారూ గుమ్మటం వైపు వెళ్తే అమ్మగారు అక్కడే ఉండొచ్చు. బాప్టిస్టరీకి శిల్పి గిబెర్తి 1425 నుంచి 1452 దాకా చేసిన బంగారు పూత తలుపులు, పది పలకలు, అసలువి ఇక్కడే అద్దం వెనక ఉన్నాయి. వీధిలో ఉన్నవి నకళ్ళు. మైకెలాంజెలో ముసలితనంలో చెక్కిన పియెతా (ఏసు మృతదేహాన్ని పట్టుకున్న శిల్పం), దొనాతెల్లో చెక్కతో చేసిన మేరీ మాగ్దలీనా విగ్రహం కూడా ఇక్కడే. పై అంతస్తులో మిద్దె ఉంది, లిఫ్టులో వెళ్ళి గుమ్మటాన్ని ఎదురుగా చూడొచ్చు. బాప్టిస్టరీ లోపల పైకప్పు మొజాయిక్ బాగుచేత 2023లో మొదలైంది, ఏళ్ళ తరబడి సాగే పని. లోపల పరంజా ఉంటుందని ముందే అనుకుని వెళ్ళండి.

బుధవారం మధ్యాహ్నం భోంచేసి అకాడెమియాకి. డేవిడ్ నేల అంతస్తులోనే, మెట్లు లేవు. 1504లో పూర్తయిన విగ్రహం, 5.17 మీటర్లు, 1873లో వీధిలోంచి ఇక్కడికి తెచ్చారు. అక్కణ్ణుంచి కూతవేటు దూరంలో సాంతిస్సిమా అనుంజియాతా చౌక్ ఉంది, అక్కడి అనాథశిశువుల ఆశ్రమం వరండా తప్పక చూడండి. డబ్బు అక్కర్లేదు, ఎక్కే మెట్లు కొద్దే, జనం తక్కువ. బ్రునెల్లెస్కి 1419లో మొదలుపెట్టిన కట్టడం. స్తంభం ఎత్తు, రెండు స్తంభాల మధ్య దూరం, స్తంభం నుంచి గోడకి దూరం మూడూ ఒకటే. కాబట్టి ఒక్కో గడి ఘనచతురస్రం. సన్నటి స్తంభాల మీద తొమ్మిది కమానులు, మధ్యన ఇనుప కడ్డీలు. ఆ కడ్డీలు తర్వాత ఎవరో తగిలించిన వికారం కాదు, కమానులు విడిపోకుండా పట్టి ఉంచేవి అవే. కమానుల మధ్య నీలి పలకల మీద గుడ్డల్లో చుట్టిన పసిపిల్లల బొమ్మలు ఆంద్రెయా దెల్లా రొబ్బియా చేసినవి. నా లెక్కలో ఊరంతటిలో కూర్చుని చూడదగ్గ చోటు ఇదే.

గురువారం ఉఫీజీ ఉదయం మొదటి స్లాట్ తీసుకోండి, 8.15. ప్రదర్శన పై అంతస్తులో మొదలై కిందికి వస్తుంది, మెట్లు చాలా ఎక్కువ. మోకాళ్ళ ఇబ్బంది చెప్పి లిఫ్ట్ అడగాలి, వీల్‌చైర్ అడిగినా ఇస్తారు. బుక్ చేసుకున్నవాళ్ళకి తలుపు వేరు, టికెట్ తీసుకునే చోటు వేరు, మెయిల్‌లో రాసిన తలుపు నంబరు చూసుకోండి. అన్ని గదులూ తిరగొద్దు. బొత్తిచెల్లి, లియొనార్దో, మైకెలాంజెలో, కరవజ్జో, ఈ నలుగురు చిత్రకారుల గదులు చాలు, అంతటితో రెండున్నర గంటలు. బయటికొస్తే సిన్యోరియా చౌక్, 1299లో మొదలైన పాత నగరసభ భవనం. దాని లోపల చూడాలంటే గురువారం మధ్యాహ్నం రెండింటికే మూసేస్తారు, గుర్తుంచుకోండి.

అక్కడ నెప్ట్యూన్ విగ్రహం దగ్గర ఉచిత మంచినీళ్ళ కుళాయి ఉంది, సీసాలు నింపుకోవచ్చు. ఇంకో ఐదు నిమిషాల నడకలో పొంతె వెక్యో. ఇప్పుడున్న వంతెన 1345ది, అంతకు ముందుదాన్ని 1333 వరద కొట్టుకుపోయింది. 1593 దాకా మాంసం కొట్లుండేవి, కంపు భరించలేక బంగారం కొట్లకిచ్చారు. నాగావళి, వంశధార వరదలు చూసినవాళ్ళకి ఒక్క చోటు చెబుతాను: సాంతా క్రోచె వైపు సాన్ రెమిజ్యో వీధి మలుపులో గోడ మీద రెండు పలకలున్నాయి. 1333 వరద ఎక్కడిదాకా వచ్చిందో ఒకటి, 1966 నవంబరు 4 వరద ఎక్కడిదాకా వచ్చిందో ఇంకొకటి. రెండూ మనిషి తలకి చాలా పైన.

సాయంత్రం ఊరంతా కనబడే మైకెలాంజెలో మిట్టకి నడవొద్దు, బస్సు 12 లేదా 13 ఎక్కండి. టికెట్ కొంటే సరిపోదు, బస్సులోని మిషన్‌లో ముద్ర వేయాలి. లేదంటే బ్యాంకు కార్డు తాకించండి, ముగ్గురికీ మూడుసార్లు విడివిడిగా తాకించాలో లేదో తెర మీద చూసుకుంటూ. ముద్ర లేని టికెట్‌కి జరిమానా టికెట్ ధరకి ఎన్నో రెట్లుంటుంది, పర్యాటకులమంటే వదలరు.

వీధులన్నీ రాతిపలకలు, ఎగుడుదిగుడు, ఫుట్‌పాత్‌లు ఒక మనిషి పట్టేంత. మెత్తటి అట్ట ఉన్న కట్టుబూట్లు తప్పనిసరి, చెప్పులతో మడమ తిరుగుతుంది. హోటల్ ఎంచుకునేటప్పుడు లిఫ్ట్ ఉందా అని మెయిల్‌లో అడిగి జవాబు తెప్పించుకోండి. పాత మేడల్లో వాళ్ళు మొదటి అంతస్తు అన్నది మనం ఎక్కేసరికి రెండో అంతస్తంత ఉంటుంది. లిఫ్ట్ ఉన్నా దాని ముందు పది మెట్లు ఉండటం మామూలే. స్టేషన్‌కీ చర్చికీ మధ్యన దిగితే నడక కలిసొస్తుంది.

తిండి. గుడ్డు తినరన్నారు, ఇది జాగ్రత్త. అక్కడ తాజాగా చేసే పాస్తా, తల్యతెల్లె, పప్పర్దెల్లె లాంటివి, పిండిలో గుడ్డు కలిపి చేస్తారు. ఎండు పాస్తా, అంటే స్పగెట్టి, పెన్నె, మామూలుగా గోధుమ, నీళ్ళే. అయినా అడగండి. చీజుల్లో పార్మిజానోకి దూడ కడుపులోంచి తీసిన తోడు వాడతారు. అమ్మగారికి ఆ పట్టింపు ఉంటే చీజు వద్దని చెప్పాలి. ధైర్యంగా తినగలిగినవి: పప్పా అల్ పొమొదోరో, అది టొమాటోలో ఉడికిన రొట్టె, మెత్తగా ఉంటుంది. తెల్ల చిక్కుడుగింజల కూర ఫజోలి అల్లుచ్చెల్లెత్తో, పేరులో పిట్ట ఉన్నా కూరలో మాంసం ఉండదు. కొన్నిచోట్ల సాసేజ్ వేస్తారు కాబట్టి అడగండి. రిబొల్లీతా అనే ఆకుకూర-గింజల పులుసు బాగుంటుంది, దాంట్లో మాంసపు రసం పోశారేమో అడగాలి. చీజు లేని మరినారా పిజ్జా ఎక్కడైనా దొరుకుతుంది. ఐస్‌క్రీముల్లో క్రేమా రకాల్లో గుడ్డుసొన ఉంటుంది, పళ్ళ సొర్బెత్తో తీసుకోండి. కాగితం మీద ఇటాలియన్‌లో రాసి పెట్టుకోండి: సెంజా కార్నె, సెంజా పేషె, సెంజా ఉవోవా. మాంసం, చేప, గుడ్డు వద్దని.

అక్కడి రొట్టెలో ఉప్పు వేయరు, ఊరి అలవాటు అది. ఆవకాయో కందిపొడో ఉంటే దాంతో చక్కగా తినొచ్చు. పచ్చడి, పొడి లగేజీలో తీసుకెళ్ళండి. నెయ్యి, పాలకోవా, పాలతో చేసిన మిఠాయిలు మాత్రం వద్దు, బయటి దేశాల పాల పదార్థాలు యూరప్‌లోకి రానివ్వరు. సూపర్‌మార్కెట్‌లో పెరుగు, రెండు నిమిషాల్లో వేడయ్యే అన్నం పొట్లాలు దొరుకుతాయి. మధ్యాహ్నం రెండున్నర దాటితే చాలా వంటిళ్ళు కట్టేసి రాత్రి ఏడున్నరకి గానీ తెరవరు, అందుకని ఉఫీజీ నుంచి ఒంటిగంటకల్లా బయటపడాలి. బిల్లులో కొపెర్తో అని మనిషికి కొంత కలుపుతారు, అది కూర్చున్నందుకు, మోసం కాదు. కాఫీ నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే ఇంకో ధర.

కొండవాలు (పార్వతీపురం దగ్గర)

వీసా, పేర్లు, డబ్బు గురించి క్లుప్తంగా.

ఎక్కువ రాత్రులు ఇటలీలోనే కాబట్టి ఇటలీ వీసాకే పెట్టాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, పదిహేను రోజుల లోపు తీసుకోరు. అక్టోబరు చివరికైతే జూలైలోనే వేలిముద్రలకి అపాయింట్‌మెంట్ వెతకండి, హైదరాబాద్ వెళ్ళాల్సి ఉంటుంది. పెద్దవాళ్ళకి 90 యూరోలు ఫీజు, ఏజెన్సీ ఖర్చు వేరే. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకి. పాస్‌పోర్ట్ తిరిగొచ్చే తేదీ తర్వాత మూడు నెలలు చెల్లాలి, జారీ అయి పదేళ్ళు దాటకూడదు, రెండు ఖాళీ పేజీలుండాలి. నాన్నగారి పెన్షన్ కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్ మీద బ్యాంకు ముద్ర పెట్టించండి.

మనవాళ్ళ పాస్‌పోర్ట్‌లలో ఒకరికి ఇంటిపేరు విడిచి రాస్తారు, ఒకరికి ముందు పేరులోనే కలిసిపోయి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. విమానం, వీసా, బీమా, గుమ్మటం పాస్, ఉఫీజీ అన్నిట్లో పాస్‌పోర్ట్‌లో ఏ గడిలో ఏముందో అదే వరసలో రాయాలి. గడి ఖాళీ అయితే విమాన సంస్థని అడిగి వాళ్ళు చెప్పినట్టు నింపి, మిగతా చోట్లా అదే పాటించండి. ఇంట్లో పిలిచే పేరో, ఇనిషియలో పెట్టొద్దు.

కార్డు వేసినప్పుడు మిషన్ రూపాయల్లో కట్టమంటారా అని అడుగుతుంది. యూరోలే నొక్కండి, రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్ళది. హోటల్‌లో నగర పన్ను మనిషికి రాత్రికి ఇంతని విడిగా వసూలు చేస్తారు, స్టార్లను బట్టి. బుకింగ్ ధరలో ఉందో లేదో చూసుకోండి. కారు అద్దెకి తీసుకోవద్దు, పాత ఊరి చుట్టూ కెమెరాలున్న నిషేధ ప్రాంతం ఉంది, తెలీకుండా దాటినా నెలల తర్వాత జరిమానా ఇంటికొస్తుంది.

కోటవీధి

అందరికీ ధన్యవాదాలండీ. బుధవారం గుమ్మటం, గురువారం ఉఫీజీ అని ఖాయం చేసుకున్నాం. చివరిగా ఒకటి. రోమ్ నుంచి రైలు టికెట్ కొంటుంటే ఫ్లోరెన్స్ అనే పేరే రావట్లేదు, ఫిరెంజె పేరుతో మూడు నాలుగు స్టేషన్లు చూపిస్తోంది.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

ఫిరెంజె అంటే ఫ్లోరెన్సే, వాళ్ళ భాషలో. మీకు కావలసింది ఫిరెంజె సాంతా మరియా నొవెల్లా, రాతలో ఎస్.ఎం.ఎన్. అని ఉంటుంది. కాంపో ది మార్తె, రిఫ్రేది అన్నవి ఊరి అంచున ఉన్న స్టేషన్లు. చవగ్గా కనబడిందని వాటికి కొంటే సామానుతో ఇంకో బండి ఎక్కాలి. రోమ్ తెర్మినీ నుంచి వేగపు రైలు గంటన్నర. ముందుగా కొంటే సగం ధరకే వస్తుంది గానీ ఆ చవక టికెట్ ఆ రైలుకే చెల్లుతుంది, అందుకని స్టేషన్‌కి అరగంట ముందుండండి. ప్లాట్‌ఫాం నంబరు బండికి పది పదిహేను నిమిషాల ముందు గానీ బోర్డు మీద పడదు. పడగానే జనం ఒక్కసారి కదులుతారు, అప్పుడు అమ్మగారిని మీరు పట్టుకోండి, పెట్టెలు నాన్నగారు చూసుకుంటారు. వేగపు రైలుకి ముద్ర అక్కర్లేదు. ప్రాంతీయ రైలుకి కాగితం టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీది మిషన్‌లో ముద్ర వేయాలి, ఫోన్ టికెట్ అయితే చెక్-ఇన్ నొక్కాలి.